అర్థాల మావయ్య చెక్కని పేరు

మా అర్థాల మావయ్య నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఒక్క మనిషిని కూడా పేరుతో పిలవలేదు. ఆ పేరుకి ఏం అర్థం ఉందో దాంతో పిలిచేవాడు. అదీ చాటుగా కాదు. నడివీధిలో, ఆ చివరింటివాళ్లు కూడా తలుపు తీసి చూసేంత గొంతుతో. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, కానీ ముందు నా కడుపుమంట చల్లారనివ్వండి.

మా సంఘంలో అందరివీ బైబిలు పేర్లే. బిడ్డకి పేరు పెట్టేటప్పుడు చెవికి ఇంపుగా ఉందా, పక్కింటివాళ్లు ఇప్పటికే వాడేసుకున్నారా అని చూసుకుంటారంతే. అది ఒకప్పుడు హెబ్రీ జనం నోట్లో నలిగిన మాటనీ, దానికో అర్థం ఏడిచిందనీ ఎవడికీ పట్టదు. మావయ్యకి పట్టింది. ఆయన దగ్గర అట్టలూడిపోయిన లావుపాటి నిఘంటువు ఒకటి ఉండేది. అది ఒళ్లో పెట్టుకున్నాడంటే ఇల్లు తగలబడుతున్నా ‘ఒక్క నిమిషం, ఈ మాట చూసి వస్తా’ అనే రకం.

మా సంఘ పెద్ద పేరుకి ‘ఒంటినిండా వెంట్రుకలున్నవాడు’ అని అర్థం. పెద్దాయన నెత్తి మీద పొరపాటున కూడా ఒక్క వెంట్రుక లేదు.

“ఏం వెంట్రుకలవారూ, ఇంత ఎండలో బయల్దేరారు? నెత్తిమీద గుడ్డయినా వేసుకోండి.”

“నన్ను పేరు పెట్టి పిలవడానికి నీకేం రోగమయ్యా?”

“పేరు పెట్టే పిలుస్తున్నానండీ. కాకపోతే మనకి అర్థమయ్యే భాషలో పిలుస్తున్నాను.”

ఇది కనీసం నవ్వుకుని ఊరుకునే బాపతు. నేను పనిచేసే పిండిమర యజమాని సంగతి అలా కాదు. ఆయన పేరుకి అర్థం ‘పురుగు’. తూకం దగ్గర నేను కూర్చుని ఉండగా, మరలో నాలుగు కొత్త బేరాలు నిలబడి ఉండగా, మావయ్య గుమ్మంలోంచే మొదలెట్టేవాడు.

“పురుగుగారూ! మా పిండి ఆడిందా?”

ఓసారి ఒకావిడ ఆ మాట విని సంచీ చంకన పెట్టుకుని వెనక్కి తిరిగింది. యజమాని రెండు చేతులూ జోడించాడు.

“నీకు దణ్ణం పెడతానయ్యా. ఇంకెక్కడైనా పిలువు. మరలో మాత్రం ఆ మాట అనకు.”

“అందులో తప్పేముందండీ? న్యాయాధిపతుల గ్రంథంలో ఆ పేరుగలాయన ఒక జనం మొత్తానికి న్యాయం తీర్చాడు. పురుగై ఉండి అంత పని చేశాడు. మీరు కాస్త పిండి ఆడించలేరా?”

అలాంటి రోజు సాయంత్రం యజమాని కోపమంతా నా మీదే తీర్చుకునేవాడు. ఆ పెద్దమనిషి మేనల్లుణ్ణయిన పాపానికి రాలిన పిండి ఊడ్చే పని నాకు పడేది.

ఊరంతటికీ మావయ్య మెచ్చుకున్న మనిషి ఒక్కడే. మందిరం కాపలాదారు. ఆయన పేరుకి ‘విశ్రాంతి’ అని అర్థం. ఎప్పుడు చూసినా గేటుకి జారగిలబడి గురకపెడుతూ ఉండేవాడు. “లేపకండర్రా. పేరుకి న్యాయం చేసేవాడు ఇన్నాళ్లకి ఒక్కడు కనపడ్డాడు,” అని మావయ్య ఆ దారిన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.

ఇక మా అత్తయ్య. ఆవిడ పేరుకి ‘అలసిపోయినది’ అని అర్థం.

“అలసటా, కాస్త మంచినీళ్లు.”

“ఈయనతో ఇన్నేళ్లు కాపురం చేస్తే ఏ పేరుకైనా ఇదే అర్థం వస్తుంది,” అనేది అత్తయ్య, చెంబు ఠంగున పెడుతూ.

“ఇంకో అర్థం కూడా ఉందే. అడవి ఆవు అని కొందరు పండితులంటారు. నీకేది కావాలో తేల్చుకో, దాంతోనే పిలుస్తా.”

అత్తయ్య అలసటతోనే సరిపెట్టుకుంది. కానీ ఆవిడా తక్కువ తినలేదు. మావయ్య పేరుకి ‘మరిపించేవాడు’ అని అర్థం. ఐగుప్తులో పడ్డ కష్టాలన్నీ దేవుడు మరిపించాడని యోసేపు తన పెద్దకొడుక్కి పెట్టుకున్న పేరది. “మరిపించడం కాదు, మర్చిపోవడం. ఉప్పు తెమ్మని పంపితే నిఘంటువుకి అట్ట వేయించుకొచ్చాడు,” అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఇంతకీ మావయ్య పని ఇత్తడి పలకల మీద పేర్లు చెక్కడం. దుకాణమంటే ఒకే గది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పలక కదలకుండా పట్టే బిగింపు, రకరకాల ఉలులు, పిడికెడంత సుత్తి. చెక్కాక గుంటల్లో నల్లటి లక్క నింపి, ఆరాక పైన రుద్ది మెరుగుపెట్టాలి. ఆ మెరుగుపెట్టే పని అత్తయ్యది. పేరున్న పలకలతో పాటు పేరు లేని వట్టి పలక ఒకటి కూడా వారం వారం ఆవిడ చేత తోమించేవాడు. “ఏమీ లేని దాన్ని తోమడమేంటి, నా ఖర్మ కాకపోతే,” అని ఆవిడ గొణిగేది. “ఏమీ లేదు కాబట్టే తోమమంటున్నా,” అనేవాడాయన. అదేం జవాబో ఆ దేవుడికే తెలియాలి.

ఆ పలకలు ఎందుకంటే, మా మందిరంలో ఒక గోడ ఉంది. సంఘంలో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ఆ గోడ మీద ఇత్తడి పలకై ఎక్కాలి. బిడ్డ పుట్టిన వారానికి తల్లో తండ్రో మావయ్య దగ్గరికొచ్చి పేరు ఆయన చెవిలో చెప్తారు. పలక సిద్ధమయ్యేదాకా అది రహస్యం. ఆ తర్వాత ఆదివారం అందరి ముందూ పేరు చదివి, అర్థం చెప్పి, మేకులకి తగిలిస్తాడు. ఆ రోజునుంచే అది పేరు. అందాకా వట్టి ‘బిడ్డ’. మావయ్య ఒక్క అక్షరం మార్చేవాడు కాదు. అర్థం మంచిది కాదని హెచ్చరించేవాడు. విన్నారా సరే, వినలేదా విన్నది విన్నట్టు చెక్కేవాడు.

“పెట్టే నోరు కన్నవాళ్లది. మార్చే నోరూ వాళ్లదే. నాది ఉలి.” ఇదీ ఆయన పంతం.

పిండిమర యజమాని ఒకసారి కాళ్లావేళ్లా పడ్డాడు. “మా అమ్మ ఏదో తెలియక పెట్టేసింది. ఇప్పుడు మార్చెయ్యవయ్యా.”

“మీ అమ్మగారిని రమ్మనండి.”

“ఆవిడ పోయి ఎన్నాళ్లయిందో నీకు తెలీదా?”

“అయితే మార్చే నోరు పోయిందండీ. ఇక మీరు పురుగుగారే. ఉంటాను.”

ఇప్పుడు నా సంగతి. నేను పుట్టిన రోజునే మా అమ్మ పోయింది. మావయ్యకి ఆవిడ ఒక్కగానొక్క చెల్లెలు. మట్టి చేసిన వారానికి మా నాన్న దుకాణానికొచ్చి మావయ్య చెవిలో ఒక పేరు చెప్పి, నన్ను అత్తయ్య చేతుల్లో పెట్టి, రేవులో తాళ్ల కార్ఖానాలో పని ఉందని వెళ్లిపోయాడట. మళ్లీ ఈ ఊరి మొహం చూడలేదు. నా కోసం గోడకి రెండు మేకులు కొట్టారు. పలక మాత్రం ఎక్కలేదు. ఆ ఆదివారం కాదు, ఆ ఏడాది కాదు, నాకు మీసాలొచ్చి పిండిమరలో పనికి కుదిరాక కూడా కాదు.

నేను ఆ రెండు మేకుల్నీ చూస్తూ పెరిగాను. నాకు అటు నా తోటివాళ్ల పలక, ఇటు నా తర్వాత పుట్టినవాళ్ల పలక, మధ్యలో గోడ. బళ్లో ‘బాబు’ అని రాసుకున్నారు. వీధిలో పిల్లలు ‘ఖాళీ’ అన్నారు. ఆ పేరే స్థిరపడింది. ఆదివారాలు జనం టోపీలూ గొడుగులూ నా మేకులకే తగిలించేవాళ్లు. ‘ఆ, ఖాళీగానే ఉందిలే’ అని.

“మావయ్యా, నా పలక?”

“మంచి ఇత్తడి దొరకలేదురా అల్లుడూ.”

ఇంకో ఏడు అడిగితే ఉలి మొద్దుబారింది. మరో ఏడు లక్క ఎండలేదు. నా తర్వాత పుట్టినవాళ్లందరికీ దొరికిన ఇత్తడి నాకే ఎందుకు దొరకలేదో, ఏ లక్కకైనా ఎండటానికి అన్నేళ్లు పడుతుందో నాకు బోధపడేది కాదు. ఏటా ఒకసారి ‘మేలురకం ఇత్తడి కోసం’ అని దుకాణం మూసి రైలెక్కేవాడు. రెండోరోజు వట్టి చేతులతో దిగేవాడు.

“షికారు బాగా జరిగిందా?” అనేది అత్తయ్య.

“ఈ ఏడు కూడా దొరకలేదే అలసటా,” అని మంచం మీద వాలిపోయేవాడు. మనిషి మాత్రం షికారు నుంచి వచ్చినట్టు ఉండేవాడు కాదు. అయినా నాకు జాలి ఎందుకుండాలి? నేనే ఒక ఖాళీని.

ఇంకో విచిత్రం. ఊళ్లో అందరికీ వాళ్ల వాళ్ల కథలు చెప్పే మావయ్య, నా దగ్గర మాత్రం ఒకే కథ చెప్పేవాడు. రాహేలు ప్రయాణంలో బిడ్డని కని, ప్రాణం పోతుండగా వాడికి బెనోని అని పేరు పెట్టింది. ‘నా దుఃఖపు కొడుకు’ అని. తండ్రి యాకోబు అక్కడికక్కడే దాన్ని తోసేసి బెన్యామీను అన్నాడు. ‘కుడిచేతి కొడుకు’ అని.

“చూశావురా? భార్య ఇంకా చల్లబడలేదు. అంత ఏడుపులోనూ వాడికి ఆ మాత్రం తెలివి ఉంది. బిడ్డ ఆ మాటని జన్మంతా మోయాలి కదా అని తోచింది. యాకోబు చేసిన పాడుపనులన్నీ ఆ ఒక్కదానితో నేను మాఫీ చేసేశాను. ఇంకొకావిడ ఉంది, నయోమి. కొడుకులకి ‘జబ్బు’ అని ఒకడికి, ‘క్షీణం’ అని ఒకడికి అర్థాలొచ్చే పేర్లు. ఇద్దరూ పోయారని తర్వాత ఏడిచింది. ఏడిస్తే ఏం లాభం?”

“ఇవన్నీ నాకెందుకు? నా పేరేంటో చెప్పు,” అనేవాణ్ణి నేను.

“లక్క ఎండనీరా,” అనేవాడు.

ఇలా ఉండగా నా పెళ్లి కుదిరింది. పిల్ల కుట్టుపని నేర్పే చోట ఉద్యోగం చేస్తుంది. తన పేరుకి ‘తేనెటీగ’ అని అర్థం. నన్ను ‘ఖాళీ’ అనకుండా ‘ఇదిగో’ అని పిలిచే మనిషి ఊరంతటికీ తనొక్కతే, అందుకే ఇష్టపడ్డాను. వాళ్లమ్మ ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే రోగులు మూలగడం ఆపేస్తారు. ఆవిడ మా ఇంటికి మాట్లాడ్డానికి వచ్చింది. నేను ముందురోజే మావయ్య కాళ్లు పట్టుకున్నాను. “ఒక్క పూట. ఒకే ఒక్క పూట నోరు మూసుకో మావయ్యా.”

“సరే,” అన్నాడు. నిజంగానే చాలాసేపు మూసుకున్నాడు. మంచినీళ్లయ్యాయి, కుశలాలయ్యాయి. ఆవిడ లేచి నిలబడింది. ఆ వెళ్లేదేదో వెళ్లిపోతుందనగా మావయ్య మర్యాదగా తలుపు తీసిపట్టుకున్నాడు.

“గుమ్మం కొంచెం ఎత్తు, చూసుకుని దిగండి గొర్రెగారూ.”

ఆవిడ గుమ్మంలోనే గిర్రున వెనక్కి తిరిగింది.

“ఏమన్నారు?”

“మీ పేరేనండీ. ఆడగొర్రె. యాకోబు పద్నాలుగేళ్లు గొడ్డుచాకిరీ చేసి కట్టుకున్నది ఆ గొర్రెనే. చాలా గొప్ప పేరు.”

అత్తయ్య పైట నోట్లో కుక్కుకుంది. తేనెటీగ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్లకపోతే మా మావయ్య కూడా ఆ ఆసుపత్రి వార్డులోనే తేలేవాడు. కానీ పెద్దావిడ గొర్రె కాదు. మర్నాడే సంఘ పెద్ద దగ్గరికెళ్లి సూటిగా అడిగింది. “పెళ్లికి ముందు ఆదివారం ఇద్దరి పేర్లూ చదవాలి కదా. ఆ కుర్రాడి పేరేంటి?”

సంఘ పెద్ద బోడితల గోక్కున్నాడు. గోడ మీద లేని పేరు చదవడం ఆచారం కాదన్నాడు. ఈ నెలాఖరులోగా పలక ఎక్కకపోతే ఈ సంబంధం లేనట్టేననీ, పేరుకి కూడా గతిలేని వాడికి తన పిల్లనివ్వననీ ఆవిడ తేల్చిచెప్పింది. తేనెటీగ మరకి వచ్చి ఈ మాట నాతో చెప్పి, పిండి దుమ్ములో నిలబడి ఏడ్చింది.

నేను తిన్నగా దుకాణానికి వెళ్లాను. అప్పటిదాకా లోపల అణుచుకున్నదంతా ఒక్కసారి కక్కేశాను.

“ఇవాళ నాకు రెండే ముక్కలు కావాలి. మా నాన్న నీ చెవిలో ఏం పేరు చెప్పాడు?”

మావయ్య ఉలి కింద పెట్టాడు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“మర్చిపోయానురా.”

నా ఒళ్లు భగ్గుమంది. ఆదాము దగ్గర్నుంచి వరసగా ఎవడికి ఎవడు పుట్టాడో నిద్రలో కూడా అప్పజెప్పగల మనిషి! జీవితంలో ఎన్నడూ కలవని హెబ్రీ గొర్రెల కాపరుల పేర్లు గుర్తున్నాయి, సొంత చెల్లెలి కొడుకు పేరు మర్చిపోయాడట!

“నీకు నేనంటే మొదట్నుంచీ గిట్టదు. నేను పుట్టబట్టే మీ చెల్లెలు పోయిందని నీ కడుపులో ఉంది. అందుకే నాకు పేరు లేకుండా చేశావు.”

ఆయన మళ్లీ ఉలి అందుకున్నాడు. మూలన పలకలు తోముతున్న అత్తయ్య మాత్రం “ఒరేయ్, ఏం మాటలురా అవి!” అని లేచింది. నేను ఆగలేదు. ఆ మధ్యాహ్నం బండికే రేవుకి బయల్దేరాను. నన్ను చూడ్డానికి ఎన్నడూ రాని మనిషి మొహం చూడకూడదనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆ రెండు ముక్కలూ తెలిసింది ఆయనొక్కడికే.

మర్నాడు పొద్దున్నే తాళ్ల కార్ఖానాకి చేరాను. అదొక పొడుగాటి షెడ్డు. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. ఒక్కొక్కడు నడుముకి నారకట్ట చుట్టుకుని, వేళ్లతో నార వదులుతూ, పేనుకుంటూ వెనక్కి నడుస్తాడు. మా నాన్న ఉద్యోగం అదీ. జీతం తీసుకుని వెనక్కి నడవడం. ఆయనకి తగిన పనే దొరికిందనుకున్నాను. ఆయన వెనక్కి నడుస్తూ నడుస్తూ వచ్చి నాకే తగిలాడు. తిరిగి చూశాడు. నేనెవరో చెప్పనక్కర్లేకపోయింది.

“బావకేమైంది?” అన్నాడు వెంటనే. కంగారుగా.

ఎన్నో మాటలు కూడబలుక్కుని వెళ్లినవాణ్ణి, ముందు ఆయన ప్రశ్నకే జవాబు చెప్పాల్సొచ్చింది. “మావయ్యకేం, దుక్కలా ఉన్నాడు. నువ్వాయన్ని ఎందుకడుగుతున్నావ్?”

“ఈ ఏడు ఇంకా రాలేదు. ఎప్పుడూ ఈపాటికి వచ్చి వెళ్లిపోతాడు.”

నారకట్టల మీద కూర్చోబెట్టి అప్పుడు చెప్పాడు. మావయ్య ఏటా వస్తాడట. రైలు దిగి, అదిగో ఆ గుమ్మం దగ్గర బల్ల మీద, పని వదిలేదాకా కూర్చుంటాడట. ‘వినేవాడా, ఒక్కసారి విను,’ అని మొదలెడతాడట. మా నాన్న పేరుకి ‘వినేవాడు’ అని అర్థం. ఆయన జన్మలో ఎవరి మాటా విన్న పాపాన పోలేదు.

“నేను నీకు పెట్టమన్న పేరు బెనోని,” అన్నాడు మా నాన్న నేల చూస్తూ. “చెవిలో చెప్పగానే బావ ఉలి కింద పడేశాడు. ‘చెక్కను’ అన్నాడు. ‘నీది ఉలే కదా, చెక్కు’ అన్నాను. ‘ఇన్నాళ్లూ చెక్కాను, ఇది నా వల్ల కాదు. నువ్వే మార్చు. నీకు కోపం తగ్గాక మార్చు. అందాకా ఇత్తడి దొరకలేదని చెప్తాను,’ అన్నాడు. మీ అమ్మ పోయిన వారం అది. నాకు ఆ పేరు తప్ప ఇంకేం తోచలేదు.”

నాకు ఆ కథ అర్థమవడానికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నదే. నా దుఃఖపు కొడుకు. ఆ మాట నల్లటి లక్కతో గోడెక్కి ఉంటే, ప్రతి ఆదివారం సంఘమంతా దాన్ని చదివి నా మొహం చూసేవాళ్లు. ‘ఖాళీ’ అన్నది అంతకన్నా నయమని అప్పటిదాకా తోచలేదు. ఇంతమందిని పురుగులనీ గొర్రెలనీ పిలిచిన మనిషికి ఈ ఒక్క మాట నోట పలకడానికి నోరు రాలేదు. దాని కోసం సోమరిపోతన్నారు, అబద్ధాలకోరన్నారు. నిన్న నేనన్న మాటైతే ఇక్కడ మళ్లీ రాయను.

“మరి ఇన్నేళ్లలో కోపం తగ్గలేదా నీకు?”

“మొదట కోపమే. తర్వాత మొండితనం.” నారపీచు వేలికి చుట్టుకున్నాడు. “ఆ తర్వాత... ఒప్పేసుకుంటే బావ మళ్లీ ఏడు రాడేమోనని. నాకోసం వచ్చే మనిషి ఆయనొక్కడే.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరు ముసలాళ్లు ఏడాదికోసారి ఒక బల్ల మీద కూర్చుని మాట్లాడుకోవడానికి నా పేరు తాకట్టు పెట్టుకున్నారన్నమాట!

“ఆయన రావాలనేముంది, నువ్వే వెళ్లొచ్చుగా!” అని అరిచాను. “రైలు అటూ నడుస్తుంది, ఇటూ నడుస్తుంది!”

షెడ్డులో వెనక్కి నడుస్తున్నవాళ్లందరూ ఆగిపోయారు. మా నాన్న నన్ను తేరిపార చూశాడు. ఆ ఉపాయం తనకి ఇంతవరకూ తట్టనే లేదన్నట్టు చూశాడు. తర్వాత నడుముకున్న నారకట్ట విప్పి పక్కవాడికిచ్చాడు.

రైల్లో ఇద్దరం చెరో కిటికీ చూస్తూ కూర్చున్నాం. చాలా దూరం వచ్చాక ఆయనే కదిలించాడు.

“ఏ పేరు పెట్టమంటావ్?”

“నన్నడుగుతావేం? పెట్టే నోరు నీదట.”

“నువ్వు అస్సలు నవ్వవటగా?”

“నవ్వడానికేముంది?”

“ఏటా బావ ఇదే చెప్పేవాడు. ‘వాడు నవ్వితే అచ్చం చెల్లెల్ని చూసినట్టు ఉంటుంది బావా, కానీ వెధవ నవ్వడు,’ అని.” మళ్లీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

దుకాణం గుమ్మంలో మా నాన్నని చూసి మావయ్య లేవబోయి, బల్లకి మోకాలు కొట్టుకుని, మళ్లీ కూలబడ్డాడు. మా నాన్న వంగి చెవిలో ఏదో చెప్పాడు.

“మళ్లీ చెప్పు,” అన్నాడు మావయ్య.

మళ్లీ చెప్పాడు.

“గట్టిగా ఆలోచించుకునే చెప్తున్నావా? నేను విన్నది విన్నట్టు చెక్కుతాను. తర్వాత నన్నంటే ఒప్పుకోను.”

“చెక్కు బావా.”

“ఇత్తడి దొరకలేదన్నావుగా,” అంది అత్తయ్య గుమ్మంలోంచి. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను వెళ్లాక మావయ్య ఆవిడకి అంతా చెప్పేసి ఉంటాడు.

మావయ్య బల్ల కింద చెయ్యి పెట్టి పలక బయటికి తీశాడు. అత్తయ్య వారం వారం తోమిన ఆ వట్టి పలకే. నేను పుట్టిన వారమే కోసి, మేకులకి కన్నాలు కూడా తొలిచి పెట్టుకున్నాడట.

“ఒసే అలసటా, ఇకనుంచి దీన్ని తోమక్కర్లేదు.”

“అమ్మయ్య,” అంది అత్తయ్య. కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ అదే కొంగుతో పలక తుడిచింది.

నేను మావయ్య ఎదుట నిలబడ్డాను. నిన్నటి మాట ఇద్దరి మధ్యా ఉంది. ఆయన తలెత్తకుండానే “ఆ కిటికీకి అడ్డం లేవరా అల్లుడూ, వెలుగు రావట్లేదు,” అన్నాడు. ఆ విషయం ఇక అంతటితో సరి.

ఆదివారం మందిరం కిక్కిరిసిపోయింది. ఇన్నేళ్ల ఖాళీకి ఏం పేరు పడుతుందో చూడ్డానికి అడుగుతీసి అడుగు వెయ్యలేనివాళ్లు కూడా వచ్చారు. కాపలాదారు మేలుకుని కూర్చున్నాడు. సంఘ పెద్ద నా మేకులకున్న గొడుగులు దించాడు. మా నాన్న చివరి వరసలో, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. మావయ్య పలక తగిలించాడు. కన్నాలు మేకుల్లోకి సరిగ్గా దిగాయి. పేరు చదివాడు. శారా ముసలితనంలో కన్న బిడ్డ పేరు అది.

“అర్థం చెప్పవయ్యా,” అన్నాడు సంఘ పెద్ద.

మావయ్య గొంతు సవరించుకున్నాడు. నన్ను చూపిస్తూ చెయ్యి చాపాడు.

“నవ్వేవాడు.”

మందిరమంతా తిరిగి నా మొహం చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ముటముటలాడుతున్న మొహం. ఆ రోజు ఇంకా బిగుసుకుని ఉంది. మొదట తేనెటీగకి ఆగలేదు, చేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత పిండిమర పురుగుగారు. ఆయన ఎన్నేళ్లుగా ఈ రోజు కోసం చూస్తున్నాడో, బల్ల మీద చరుస్తూ నవ్వాడు. వెంట్రుకలాయన నవ్వాడు. గొర్రెగారు పెదాలు బిగించి బిగించి చివరికి వదిలేసింది. చివరి వరసలోంచి మా నాన్న నవ్వు కూడా వినపడింది, కొంచెం తడిగా. ఆడామగా పిల్లాపెద్దా అందరూ నవ్వారు, నేను తప్ప. నన్ను పట్టుకుని నవ్వుతుంటే నేనెందుకు నవ్వాలి?

చరచరా బయటికొచ్చేశాను. మందిరం వెనక కుళాయి దగ్గర మొహం మీద నీళ్లు కొట్టుకున్నాను. నా దుఃఖం ఊరందరికీ తమాషా అయిందని తిట్టుకుందామనుకున్నాను. తీరా చూస్తే, ఏటా రైలెక్కి ఇత్తడి తేకుండా దిగే ఆ మనిషి గుర్తొచ్చాడు. మరలో పిలిచిన పిలుపు గుర్తొచ్చింది. గుమ్మం దగ్గర గొర్రెగారి మొహం గుర్తొచ్చింది. ఎక్కడో పక్కటెముకల దగ్గర మొదలై పైకి తన్నుకొచ్చింది.

“నవ్వుతున్నావా?” వెనక మావయ్య.

“లేదు.”

“మరి ఆ పళ్లేంటి?”

“ఎండ కొడుతోంది.”

“ఎండా లేదు, బూడిదా లేదు. ఇత్తడి మీద చెక్కాను. ఇక అది నీ ఇష్టం కాదు.” నా మొహం కేసి చాలాసేపు చూశాడు. నన్ను చూస్తున్నట్టు లేదు. తర్వాత ముక్కు చీదుకుని, మందిరం వైపు తిరిగి, తన మామూలు గొంతుతో కేకేశాడు.

“గొర్రెగారూ! నవ్వేవాడు ఇక్కడున్నాడు, మీ తేనెటీగని పంపండి!”

లోపల్నుంచి మా కాబోయే అత్తగారు “చూశారా, మళ్లీ అన్నాడు!” అంది.